స్కోరు వచ్చింది సరే, ఆ స్కోరుకి పరీక్ష పెట్టిందెవరు?



ఈమధ్య గ్రూపుల్లో ఒక రకం పోస్టులు ఎక్కువగా తిరుగుతున్నాయి. "మన అడవిలో దొరికే నేలవేములోని రసాయనం ఫలానా రోగం ప్రోటీన్‌కి మైనస్ తొమ్మిదిన్నర స్కోరుతో అతుక్కుంది, కంప్యూటర్‌లో రుజువైంది" అని ఒకరు పెడతారు. కింద అందరూ చప్పట్లు కొడతారు. ఇంకొకరు వచ్చి "ఫలానా బెరడుకి స్కోరు రాలేదంట, అంటే మన తాతలు ఇచ్చిన మందు ఉత్తదేనన్నమాట" అని రాస్తారు. ఈ రెండు మాటలనీ మేము ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పడానికే ఇంత పెద్ద పోస్టు. ఓపికగా చదవండి. బీఫార్మసీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం తప్పక చదవండి, రేపు ఈ ప్రాజెక్టులు చేసేది మీరే కాబట్టి.

మా మాట ఒక్కటే. కంప్యూటర్ ఇచ్చిన జాబితాని నమ్మాలన్నా, కొట్టిపారేయాలన్నా, ముందు ఆ పద్ధతికి ఎలాంటి పరీక్ష పెట్టారో అడగాలి. సులువైన పరీక్ష పెట్టి వందకి తొంభై ఎనిమిది వచ్చాయంటే దానికి విలువ లేదు. గట్టి పరీక్ష పెట్టి నలభై వచ్చినా దానికి విలువ ఉంది.

ముందు అసలు విషయం ఏంటో చూద్దాం. మన ఒంట్లో గానీ, రోగం తెచ్చే క్రిమిలో గానీ పనులన్నీ చేసేది ప్రోటీన్‌లు. ఒక్కో ప్రోటీన్‌కి చిన్న గుంట లాంటి చోటు ఉంటుంది. చాలా మందులు ఆ గుంటలో కూర్చుని దాని పని ఆపేస్తాయి. ఏ అణువు అక్కడ కూర్చుంటుందో తెలుసుకోవాలంటే ఒక్కోదాన్ని ల్యాబులో పరీక్షించాలి. లక్షల అణువులను అలా చూడాలంటే కోట్ల రూపాయలు, ఏళ్ళ సమయం. అందుకని ముందు కంప్యూటర్‌లో జల్లెడ పడతారు. దీన్నే వర్చువల్ స్క్రీనింగ్ అంటారు. ఇందులో ఒక పద్ధతి డాకింగ్: ప్రోటీన్ ఆకారం తీసుకుని, ఒక్కో అణువునీ ఆ గుంటలో రకరకాలుగా కూర్చోబెట్టి, ఎంత బాగా ఇమిడిందో స్కోరు వేస్తుంది. ఇంకో పద్ధతి ఇప్పటికే తెలిసిన మందుతో పోలికలు వెతుకుతుంది. మూడోది మెషిన్ లెర్నింగ్: పాత ఫలితాలు చూసి నేర్చుకుని కొత్తవాటిని ఊహిస్తుంది. ఏదైనా చివరికి ఇచ్చేది ఒక వరస జాబితా. పైనున్న వందో, రెండొందలో తీసుకుని ల్యాబులో చూస్తారు. అంటే స్కోరు అనేది ల్యాబుకి పంపే సిఫారసు మాత్రమే. మందు పనిచేస్తుందన్న సర్టిఫికెట్ కాదు.

ఈ పని ఎక్కడో అమెరికాలోనే జరుగుతుందని అనుకోవద్దు. హైదరాబాద్‌లోని ఐఐసీటీలో జి. నరహరి శాస్త్రి గారి మాలిక్యులర్ మోడలింగ్ బృందం ఏళ్ళ తరబడి ఈ పద్ధతుల మీద పనిచేసింది. క్షయ లాంటి రోగాల కోసం ఎవరైనా వాడుకునేలా ఎంపీడీఎస్ అనే ఓపెన్ సోర్స్ పోర్టల్ కట్టింది. పత్రికలు, పేటెంట్లు చదివి ఏ అణువు ఏ ప్రోటీన్ మీద పనిచేసిందో చేత్తో ఎక్కించిన గోస్టార్ అనే పెద్ద డేటాబేస్ కూడా హైదరాబాద్ జీవీకే బయోలోనే తయారైంది. 2020లో కోవిడ్ సమయంలో కేంద్రం డ్రగ్ డిస్కవరీ హ్యాకథాన్ పెట్టి విద్యార్థులను ఈ పనిలోకి పిలిచింది. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాథమెటికల్ సైన్సెస్ వాళ్ళు ఇంపాట్ డేటాబేస్‌ను 2018లో తెచ్చినప్పుడే అందులో 1,742 భారతీయ ఔషధ మొక్కలు, వాటిలోని 9,596 రసాయనాలు ఉండేవి. అంటే మన పెద్దవాళ్ళు వాడే మొక్కల్లో చాలావాటి రసాయనాలు ఇప్పటికే ఈ జల్లెడలోకి వెళ్ళిపోయాయి. అందుకే ఇది మనకు సంబంధం లేని విషయం కాదంటున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ జల్లెడ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబులు ముందే తెలిసిన పరీక్ష పెడతారు. ఒక ప్రోటీన్ మీద పనిచేస్తాయని ల్యాబులో తేలిన అణువులు కొన్ని తీసుకుంటారు. వాటిలో పనిచేయవని అనుకునే అణువులు చాలా కలుపుతారు. వీటిని డికాయ్‌లు అంటారు. కలగాపులగంగా పద్ధతికి ఇచ్చి, పనిచేసేవాటిని పైకి తెస్తుందా లేదా అని చూస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ న్యాయం మొత్తం ఆ డికాయ్‌లను ఎలా ఎంచారన్న దాంట్లోనే ఉంది.

మన ఊళ్ళో మందుమొక్కలు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు అనుకోండి. ఆయనకు పరీక్ష పెట్టాలి. టేకు ఆకులు, తునికాకులు, ఇప్ప ఆకులు ఒక కుప్ప పోసి, మధ్యలో నాలుగు నేలవేము కొమ్మలు పెట్టి, "నేలవేము తియ్యి తాతా" అంటే చిన్నపిల్లోడు కూడా తీస్తాడు. ఆకు సైజు చూస్తే చాలు. తాతకు నిజంగా తెలుసో లేదో బయటపడాలంటే నేలవేము లాగే కనిపించే కలుపు మొక్కలు, అదే ఎత్తు, అదే ఆకు, అదే రంగు ఉన్నవి కలపాలి. అప్పుడు ఆయన వాసన చూసి, నమిలి, కాడ విరిచి చెప్తాడు. ఆ పరీక్షలో నెగ్గితేనే తెలివి.

మొదట్లో డాకింగ్ పద్ధతులకు పెట్టిన పరీక్షలు చాలావరకు టేకాకుల పరీక్షలే. డికాయ్‌లను ఊరికే ఏరేవాళ్ళు. పనిచేసే అణువులేమో పెద్దవిగా, బరువుగా ఉండేవి. డాకింగ్ స్కోరుకి ఒక గుణం ఉంది. అణువు పెద్దదయ్యే కొద్దీ ప్రోటీన్‌తో తగిలే చోట్లు పెరిగి, స్కోరు దానంతట అదే మెరుగవుతుంది. అంటే కేవలం బరువును బట్టి వరస పెట్టినా మార్కులు వచ్చేవి. అది చూసి "మా పద్ధతి బ్రహ్మాండం" అని రాసుకునేవాళ్ళు.

దీన్ని సరిచేయడానికి 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు డీయూడీ అనే పరీక్ష పెట్టె తయారుచేశారు. 40 ప్రోటీన్‌లు, 2,950 పనిచేసే అణువులు. ఒక్కోదానికి 36 డికాయ్‌లు. ఆ డికాయ్‌లు బరువులో, నీటిలో కరిగే గుణం లాంటి వాటిలో అసలుదానికి దగ్గరగా ఉంటాయి, కానీ రసాయన నిర్మాణం వేరు. 2012లో దాన్ని పెంచి డీయూడీ-ఈ తెచ్చారు. ఇందులో 102 ప్రోటీన్‌లు, 22,886 పనిచేసే అణువులు, ఒక్కోదానికి 50 డికాయ్‌లు. టేకాకుల కుప్ప పోయి కలుపు మొక్కల కుప్ప వచ్చింది. పెద్ద మెరుగే.

ఆ ప్రోటీన్‌ల జాబితాలో డీహెచ్ఎఫ్ఆర్ అనేది ఒకటుంది. దీనికీ తెలుగువాళ్ళకీ సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ల్యాబులో నడిపిన బృందం అమినోప్టెరిన్ చేసింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి కొంతకాలమైనా రోగం తగ్గుతుందని చూపించాడు. అదే ల్యాబు నుంచి వచ్చిన దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇవి పట్టుకునే ప్రోటీన్ డీహెచ్ఎఫ్ఆరే. ఈ రోజు ప్రపంచంలో ఎవరు కొత్త డాకింగ్ ప్రోగ్రాం రాసినా, పరీక్ష పెట్టే ప్రోటీన్‌లలో ఇది తరచుగా ఉంటుంది. సుబ్బారావు గారి చేతిలో కంప్యూటర్ లేదు. ఆయన బృందం చేసిన అణువులేమో ఇప్పుడు కంప్యూటర్లకు ప్రశ్నపత్రం అయ్యాయి.

ఐతే డీయూడీ-ఈతో కథ అయిపోలేదు. మెషిన్ లెర్నింగ్ వచ్చాక కొత్త మోసం బయటపడింది. మోసం అంటే ఎవరో కావాలని చేసింది కాదు, పరీక్షలోనే దాక్కున్నది. 2019లో కొందరు పరిశోధకులు ఒక మంచి పని చేశారు. డీయూడీ-ఈ మీద బాగా మార్కులు తెచ్చుకుంటున్న డీప్ లెర్నింగ్ మోడల్‌కి ప్రోటీన్‌ను అసలు చూపించకుండా, అణువులను మాత్రమే చూపించి నేర్పారు. మార్కులు దాదాపు అంతే వచ్చాయి! గుంట ఎలా ఉందో చూడకుండా ఏది కూర్చుంటుందో ఎలా తెలిసింది? తెలియలేదు. డికాయ్‌లను ఏరిన తీరులో ఉన్న గుర్తులను అది పట్టేసింది.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, గ్రూప్స్ కోచింగ్‌లో ఒకడు ప్రశ్న చదవకుండా ఆప్షన్‌లలో పొడవైనది గుర్తుపెట్టుకుంటూ పోయాడు. ఆ ప్రశ్నపత్రం తయారుచేసిన వాడికి సరైన జవాబును పొడవుగా రాసే అలవాటుంది. వీడికి తొంభై మార్కులు వచ్చాయి. వీడికి చరిత్ర తెలుసా? తెలీదు. వేరే ప్రశ్నపత్రం ఇస్తే అదే రోజు బయటపడిపోతాడు.

ఇంకో జబ్బు లీకేజీ. పేపర్ లీక్ అంటే ఏంటో తెలంగాణ నిరుద్యోగికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను 2023 మార్చిలో రద్దు చేసింది అందుకే. నిజాయితీగా రాసినవాళ్ళకు కూడా ఆ మార్కులు పనికిరాకుండా పోయాయి. మెషిన్ లెర్నింగ్‌లో కూడా ఇదే జరుగుతుంది. నేర్పడానికి వాడిన అణువులకు అక్కచెల్లెళ్ళ లాంటి అణువులు పరీక్షలో కూడా ఉంటే, అది నేర్చుకోలేదు, బట్టీ పట్టింది. అణువులను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి "పరీక్షలో కొత్తవే ఉన్నాయి" అంటే సరిపోదు. ఒకే కుటుంబానికి చెందిన అణువులు, ఒకే కుటుంబానికి చెందిన ప్రోటీన్‌లు అటొకటి ఇటొకటి పడకుండా విడదీయాలి. అప్పుడు మార్కులు పడిపోతాయి. పడిపోయిన ఆ మార్కులే నిజం మార్కులు.

మార్కులు లెక్కపెట్టే పద్ధతి కూడా చూడాలి. జాబితా మొత్తం మీద సగటున ఎంత బాగా వరస పెట్టిందో చెప్పే కొలత ఒకటుంది, ఏయూసీ అంటారు. పత్రికల్లో అదే ముందు రాస్తారు. కానీ ల్యాబుకి వెళ్ళేది జాబితా పైభాగమే. డీఎస్సీలో ఇరవై పోస్టులుంటే మొదటి ఇరవై ర్యాంకులే లెక్క, ఐదు వేలో ర్యాంకుకీ ఆరు వేలో ర్యాంకుకీ తేడా ఎవరికి కావాలి? అందుకే ఎన్‌రిచ్‌మెంట్ అనే కొలత చూడాలి. 10,000 అణువుల్లో 100 పనిచేసేవి ఉన్నాయనుకోండి. కళ్ళు మూసుకుని వంద తీస్తే సగటున ఒకటి దొరుకుతుంది. పద్ధతి చూపిన పై వందలో ఇరవై దొరికితే ఎన్‌రిచ్‌మెంట్ 20. ఇది అర్థమయ్యే లెక్క. దీన్లో కూడా జాగ్రత్త ఉండాలి. పనిచేసే అణువులు మొత్తం పదే ఉంటే, ఒక పద్ధతి మూడు పట్టింది, ఇంకోటి రెండు పట్టింది అని పోటీ తేల్చేయకూడదు. అది బొమ్మా బొరుసా లాంటిదే.

ఇంకో లెక్క చూడండి, ఇది చాలామంది మర్చిపోయేది. ఒక పద్ధతి పనిచేసేవాటిలో సగాన్ని పట్టుకుంటుంది, పనికిరానివాటిలో నూటికి ఒకదాన్ని పొరపాటున ఎంచుకుంటుంది అనుకుందాం. పరీక్ష పెట్టెలో 1,000 పనిచేసేవి, 50,000 డికాయ్‌లు ఉన్నాయి. అది ఎంచేది 500 అసలువి, 500 నకిలీలు. సగానికి సగం, చాలా బాగుంది. అదే పద్ధతిని 10 లక్షల అణువుల మీదికి తీసుకుపోండి, అందులో నిజంగా పనిచేసేవి 100 మాత్రమే ఉన్నాయనుకోండి. ఇప్పుడు ఎంచేది 50 అసలువి, దాదాపు 10,000 నకిలీలు. రెండొందలకి ఒకటి! పద్ధతి మారలేదు, జల్లెడ అదే. గింజలు తక్కువ, పొట్టు ఎక్కువ ఉన్న చోట పెట్టాం అంతే. "మా పద్ధతి నూటికి యాభై కరెక్ట్" అని చెప్పేవాళ్ళని ఏ కుప్పలో అని అడగాలి.

న్యాయమైన పోటీలో ఇంకో రెండు నియమాలుండాలి. ఒకటి, తన పద్ధతికి నెలరోజులు సెట్టింగులు సరిచేసుకుని, ఎదుటివాళ్ళ పద్ధతిని డబ్బాలోంచి తీసి అలాగే నడిపి "మేం గెలిచాం" అనకూడదు. రెండు, చాలా తేలికైన పద్ధతితో కూడా పోల్చాలి. బరువును బట్టి వరస పెడితే ఎన్ని వచ్చాయి? తెలిసిన మందుతో పోలిక చూసి వరస పెడితే ఎన్ని వచ్చాయి? ఖరీదైన పద్ధతి వీటిని దాటకపోతే దానికి అంత కరెంటు ఎందుకు?

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ల్యాబు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పని మాకు బాగా నచ్చింది. మెదడులో ఉండే డీ4 డోపమైన్ గ్రాహకం మీద 13.8 కోట్ల అణువులను డాకింగ్ చేశారు. తర్వాత 549 అణువులను నిజంగా తయారుచేయించి ల్యాబులో చూశారు. ఇందులో గొప్పేంటంటే, మంచి స్కోరు వచ్చినవాటినే కాకుండా మధ్య స్కోరు, తక్కువ స్కోరు వచ్చినవాటిని కూడా పరీక్షించారు. స్కోరు తగ్గే కొద్దీ పనిచేసేవాటి శాతం కూడా దాదాపు వరసగా తగ్గుతూ వచ్చింది. అంటే ఆ స్కోరుకి ఆ ప్రోటీన్ దగ్గర అర్థం ఉందని రుజువు చేశారు. పై ర్యాంకులనే పరీక్షించి పది దొరికాయంటే, కింద వెతికినా పది దొరికేవేమో ఎవరికి తెలుసు? తక్కువ స్కోరు వాటిని కూడా పరీక్షించే ధైర్యం ఉండటమే నిజాయితీ.

కాబట్టి ఈ పద్ధతులు ఉత్తవని మేము అనడం లేదు. జపాన్ కంపెనీ షియోనోగి తెచ్చిన కోవిడ్ మాత్ర ఎన్సిట్రెల్విర్ వర్చువల్ స్క్రీనింగ్‌తోనే మొదలైంది. ఐతే జాబితా రాగానే ప్రకటించలేదు. ల్యాబులో చూశారు, అణువును మార్చారు, మళ్ళీ చూశారు, మనుషుల మీద ట్రయల్స్ చేశారు. 2022 నవంబరులో జపాన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది. కోవిడ్ మొదటి ఏడాదిలో డాకింగ్ చేసి "ఈ మందు పనిచేస్తుంది" అని ప్రపంచమంతా పేపర్లు కుప్పలుగా వచ్చాయి. వాటిలో రోగి దాకా చేరినవి ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక మన భద్రాచలం ఏజెన్సీకి వద్దాం. చర్ల, దుమ్ముగూడెం వైపు వానాకాలం వస్తే మలేరియా భయం ఏంటో మనకు తెలుసు. ఫాల్సిపారం మలేరియాకి ఈశాన్య రాష్ట్రాలు తప్ప మిగతా దేశమంతా జాతీయ విధానం ప్రకారం ఇచ్చే మందుల్లో ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్, పైరిమెథమైన్ ఉంటాయి. ఈ పైరిమెథమైన్ పట్టుకునేది మలేరియా క్రిమిలోని డీహెచ్ఎఫ్ఆర్‌నే. మన ఒంట్లో ఉన్న డీహెచ్ఎఫ్ఆర్‌ని మెథోట్రెక్సేట్ పట్టుకుంటుంది. క్రిమిది ఆగితే రోగం తగ్గుతుంది, మనది ఆగితే ఒళ్ళు గుల్లవుతుంది. మెథోట్రెక్సేట్‌ని డాక్టరు రక్తపరీక్షలు చేయిస్తూ కొలిచి ఇచ్చేది అందుకే. ఇప్పుడు ఎవరైనా "మన మొక్క రసాయనానికి డీహెచ్ఎఫ్ఆర్ మీద గొప్ప స్కోరు వచ్చింది" అంటే మొదటి ప్రశ్న: క్రిమిదా, మనిషిదా? రెండూ చూశారా? రెండో ప్రశ్న: క్రిమి మారిపోయింది కదా, ఏ రూపం మీద చూశారు? పైరిమెథమైన్‌కి లొంగని క్రిముల్లో ఈ ప్రోటీన్‌లోని 108వ స్థానం లాంటి చోట్ల మార్పులు ఉంటాయి. మలేరియా క్రిమి డీహెచ్ఎఫ్ఆర్ ఆకారాన్ని, మార్పులున్న దాని ఆకారాన్ని కూడా థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు 2003లోనే బయటపెట్టారు. ఉచితంగా దొరుకుతుంది. పాత రూపం మీద మాత్రమే డాకింగ్ చేసి కొత్త మందు అంటే, నిరుటి ఏరు చూసి ఈ ఏడు పడవ దింపినట్టే.

"స్కోరు రాలేదు కాబట్టి మన మందు ఉత్తది" అనేవాళ్ళకు కూడా ఒక మాట. ఆర్టిసునేట్‌కి తల్లి ఆర్టెమిసినిన్. చైనా పాత వైద్య గ్రంథంలో ఉన్న మాటను పట్టుకుని తూ యూయూ గారి బృందం 1970లలో దాన్ని ఒక మొక్క నుంచి తీసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ మందు ఒక ప్రోటీన్ గుంటలో బుద్ధిగా కూర్చుని పనిచేసే రకం కాదు. క్రిమిలోని ఇనుముతో కలిసి విరిగి, చేతికి అందిన ప్రోటీన్‌లన్నిటినీ దెబ్బతీస్తుంది. దాన్ని ఏదో ఒక ప్రోటీన్ మీద డాకింగ్ చేసి స్కోరు తక్కువని పక్కన పెట్టి ఉంటే, ఈ రోజు మన ఊళ్ళల్లో ఎంతమంది పిల్లలు ఉండేవాళ్ళు కాదో! జల్లెడలో పడనిదంతా పొట్టు కాదు. ఆ జల్లెడ కన్ను ఆ గింజకు సరిపోలేదేమో.

డికాయ్‌ల విషయంలో మాకు కొంచెం గుచ్చుకునే సంగతి ఒకటుంది. ఆ డికాయ్‌లలో చాలావాటిని ఎవరూ ల్యాబులో పరీక్షించలేదు. "పనిచేయవు అనుకుంటున్నాం" అని రాసుకున్నారు. పరీక్షకు అది అవసరమే కావచ్చు, శాస్త్రవేత్తలు ఆ మాట దాచుకోలేదు కూడా. కానీ పరీక్షించకుండానే పనికిరాడని ముద్ర వేయించుకోవడం ఎలా ఉంటుందో మన జాతికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అందుకే మేము రెండు వైపులా ఒకటే అడుగుతున్నాం. పరీక్షించకుండా పొగడొద్దు, పరీక్షించకుండా తీసిపారేయొద్దు.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నామంటే, దీని వెనుక ప్రాణాలున్నాయి. మైనస్ తొమ్మిదిన్నర అని వచ్చిన ఒక ఫార్వర్డ్ చూసి, జ్వరం వచ్చిన పిల్లకి కషాయం ఇచ్చి మూడు రోజులు చూద్దాంలే అనుకుంటే, ఫాల్సిపారం మూడు రోజులు ఆగదు. జ్వరం రాగానే ఆశా అక్క దగ్గర రక్తపరీక్ష చేయించుకోవడం, మాత్రల కోర్సు పూర్తి చేయడం, దీనికి ఏ డాకింగ్ స్కోరూ అడ్డు రాకూడదు. గ్రూపుల్లో ఉన్న చదువుకున్న పిల్లలుగా ఈ మాట చెప్పాల్సిన బాధ్యత మన మీదే ఉంది.

రెండోది హక్కు. స్కోరు బాగా వచ్చిన రసాయనం రేపు కంపెనీకి పోతుంది. ఆ మొక్క సంగతి చెప్పిందెవరు? కేరళలో కాణి ఆదివాసీలు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో జీవని అనే మందు చేసినప్పుడు, లైసెన్సు డబ్బుల్లో, రాయల్టీలో సగం వాళ్ళ ట్రస్టుకు ఇచ్చే ఏర్పాటు 1990లలో జరిగింది. అందులో కూడా గొడవలు వచ్చాయి, కానీ వాటా అడగొచ్చని దేశానికి తెలిసింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరి జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ప్రాజెక్టు కోసం తాతల దగ్గర మొక్కల వివరాలు సేకరించే తమ్ముళ్ళు ముందు వాళ్ళ అనుమతి తీసుకోండి, ఊరి పేరు రాయండి. డేటాబేస్‌లోకి ఒకసారి వెళ్ళాక వెనక్కి తెచ్చుకోలేం.

ఇకనుంచి గ్రూపులో ఇలాంటి పోస్టు వస్తే చప్పట్లు కొట్టేముందు ఈ ఆరు ప్రశ్నలు అడుగుదాం:

1. ఈ పద్ధతి ఈ ప్రోటీన్ మీద తెలిసిన మందులను గుర్తుపట్టగలదని ముందు చూపించారా?

2. డికాయ్‌లు ఎలా ఏరారు? టేకాకులా, కలుపు మొక్కలా?

3. నేర్పిన అణువులు, పరీక్షించిన అణువులు ఒకే కుటుంబం కాకుండా విడదీశారా?

4. జాబితా పైభాగంలో ఎన్ని దొరికాయి? సగటు మార్కు ఒక్కటే చెప్తున్నారా?

5. అణువు బరువు లాంటి తేలిక లెక్కతో పోల్చారా?

6. ల్యాబులో చూశారా? తక్కువ స్కోరు వచ్చినవాటిని కూడా చూశారా?

ఆరింటికీ జవాబు లేకపోయినా తిట్టాల్సిన పని లేదు. "బాగుంది తమ్ముడూ, ఇది మొదటి మెట్టు, రుజువు అని రాయొద్దు" అని చెప్తే చాలు.

చివరిగా ప్రాజెక్టులు చేయబోయే పిల్లలకు ఒక సలహా. "ఫలానా మొక్క, ఫలానా ప్రోటీన్, డాకింగ్" అనే ప్రాజెక్టులు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంకోటి చేస్తే ఎవరికీ కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. దానికి బదులు జల్లెడకే పరీక్ష పెట్టండి. దీనికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఆటోడాక్ వీనా ఉచితం. ప్రోటీన్ ఆకారాలు ప్రోటీన్ డేటా బ్యాంకులో ఉచితం. ఏ అణువు ల్యాబులో ఎంత పనిచేసిందో కెంబెల్ డేటాబేస్‌లో ఉచితం. ఒక మామూలు ల్యాప్‌టాప్, హాస్టల్ వైఫై, ఓపిక చాలు. మలేరియా క్రిమి డీహెచ్ఎఫ్ఆర్ తీసుకోండి, పాత రూపం, మారిన రూపం రెండూ. ల్యాబులో పనిచేసినవి, చూసినా పనిచేయనివి రెండు రకాలూ కెంబెల్ నుంచి ఏరండి. వీనాతో వరస పెట్టండి. ఊరికే బరువుతో కూడా వరస పెట్టండి. పై వందలో ఎవరికి ఎన్ని వచ్చాయో పట్టిక వేయండి. వీనా ఓడిపోతే ఓడిపోయిందని రాయండి. అది కూడా ఫలితమే. ఇంకొకరు దాన్ని నమ్మి రెండేళ్ళు వృథా చేసుకోకుండా ఆపుతుంది.

అడవిలో ఏ ఆకు తినొచ్చో, ఏ పుట్టగొడుగు తినకూడదో మన పెద్దవాళ్ళు ఒక్కరోజులో తేల్చలేదు. తరాల తరబడి చూసి, తప్పు తేలితే ఊరంతటికీ చెప్పి, అప్పుడు నమ్మారు. ఆ ఓపికనే కంప్యూటర్ ముందు కూడా చూపిద్దాం.

మీ అభిప్రాయాలు కింద రాయండి. ఇలాంటి ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్ళు పేరు, కోర్సు పెట్టండి. ఇప్పటికే ఈ పని నేర్చుకున్న అన్నలు, అక్కలు చేయి అందించండి. మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ!